గురువారం ఇస్తానన్న జెట్ స్కీ పంపు

గోనె సంచిలో జెట్ స్కీ పంపు చుట్టుకుని సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాను. పక్కన మోటార్ సైకిల్ మీద కూర్చున్న పెద్దాయన సంచిలోకి తొంగి చూసి, "ఏ చెరువుదండి ఏరేటరు?" అని అడిగారు. చెరువుది కాదండి, జెట్ స్కీది అన్నాను. "నీళ్ళమీద బైకులా పోద్ది, అదేనా? దానికీ ఇంపెల్లరేనా?" అన్నారు. ఇంపెల్లరంటే పంపు లోపల తిరిగే రెక్కల చక్రం. అవునన్నాను. "అయితే కాలవ గట్టు మీద లేతు షాపుకి తీసుకెళ్ళండి" అని ఆయనే దారి చెప్పడం మొదలుపెట్టారు. నేను వెళ్తున్నదీ అక్కడికే.

ఆ షాపు గురించే రాస్తున్నాను. నరసాపురం రేవులో దిగి ఆటో ఎక్కితే పది నిమిషాలు. రేకుల షెడ్డు. "ఇచ్చట అన్ని రకముల లేతు పనులు చేయబడును" అని రాసిన రేకులో సగం అక్షరాలు తుప్పు తినేసింది, షాపు పేరు ఆ సగంలోనే పోయింది. లోపల ఇనుముని తిప్పుతూ కోసే పాత లేతు ఒకటి, గాళ్ళు కోసే షేపర్ ఒకటి, ఆర్గాన్ వెల్డింగ్ సిలిండరు. నేల మీద అడుగు పెట్టే చోటు లేకుండా రొయ్యల చెరువుల నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు, ఆయిలింజన్ల పంపులు, వేటబోట్ల షాఫ్టులు. జెట్ స్కీ అన్న మాట ఆ షెడ్డులో నాకు ముందు ఎవరూ పలికి ఉండరు. చెప్పగానే మేస్త్రి గారు "ఆయ్, పంపే కదండీ" అన్నారు. ఆ మాటకి నాకు భయమే వేసింది, నిజం చెప్పొద్దూ.

బండి సంగతి కొంచెం చెప్పాలి. 2008 మోడల్ యమహా వీఎక్స్. ఫోర్ స్ట్రోక్, నాలుగు సిలిండర్లు, 1052 సీసీ, 110 హార్స్ పవర్. నాలుగేళ్ళ కిందట గోవాలో సెకండ్ హ్యాండ్‌లో కొని లారీ మీద తెప్పించుకున్నాను. మా ఇల్లు వశిష్ఠ గోదావరి పక్కనే, కొబ్బరి తోటలో. మూడు గదులు అతిథులకి ఇస్తాం. సంక్రాంతికి, అంతర్వేది కల్యాణానికి వచ్చేవాళ్ళు పులస ఏదండీ అని తప్పకుండా అడుగుతారు. అది వానాకాలం చేప, పుష్య మాఘ మాసాల్లో ఎక్కడినుంచి తేను? అందుకని జెట్ స్కీ ఎక్కించి శాంతపరుస్తుంటాను.

పోయిన దీపావళి దాటాక బండి జోరు తగ్గింది. లీవరు నొక్కితే ఇంజను గోల పెడుతుంది, మీటర్లో ముల్లు ఎగబాకుతుంది, బండి మాత్రం బురదలో దిగిన ట్రాక్టరు చక్రంలా ఉన్నచోటే నురగ తిప్పుతుంది. మొదట్లో 75 దాటి పోయేది, ఒక్కణ్ణి ఎక్కినా 45 కిలోమీటర్లకి పడిపోయింది. వెనక ఇంకో మనిషి కూర్చుంటే ముక్కు పైకెత్తి అలాగే ఉండిపోయేది.

ఇంజను అనుకున్నాను. ప్లగ్గులు మార్చాను, పెట్రోలు మార్చాను. తర్వాత బుద్ధి వచ్చి పంపు విప్పి, జెట్ స్కీలు బాగుచేస్తారని పేరున్న ఒక నగరంలోని షాపుకి పంపాను. ఊరి పేరూ షాపు పేరూ రాయను. ఆరు వారాలు పెట్టుకున్నారు. "ఇంపెల్లరు ఊడి రావట్లేదు సార్, మొత్తం పంపే మార్చాలి, 1,60,000 అవుతుంది" అని ఫోను. రుజువుగా ఒక ఫొటో కూడా పంపారు. ఆ ఫొటోలో ఉన్నది నా పంపు కాదు. నా దాని మీద మా మేనల్లుడు పచ్చ పెయింటుతో వేసిన చుక్క ఉంటుంది. పంపు వెనక్కి తెప్పించుకున్నాను. పార్సిల్ విప్పితే ఇంపెల్లరు మూతి దగ్గర పళ్ళు కొన్ని చితికి ఉన్నాయి.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. జెట్ స్కీకి బోటులాగ బయట పంకా ఉండదు. అడుగున ఊచల జల్లెడ ఒకటి ఉంటుంది, నీళ్ళు అందులోంచి లోపలికి వస్తాయి. ఒక గొట్టంలో ఇంపెల్లరు తిరుగుతూ ఆ నీళ్ళని వెనక్కి నెడుతుంది. దాని వెనక కదలని రెక్కలు కొన్ని నీళ్ళ సుడిని తిన్నగా చేస్తాయి. చివర నాజిల్ సన్నబడుతుంది కాబట్టి నీళ్ళు దూసుకుపోతాయి, ఆ తోపుకే బండి కదులుతుంది. హ్యాండిల్ తిప్పితే తిరిగేది దాని వెనక తగిలించిన ఇంకో నాజిల్. అందుకే లీవరు వదిలేస్తే బండి తిరగదు. కొత్తవాళ్ళు భయపడి లీవరు వదిలేసి హ్యాండిల్ తిప్పుతూ తిన్నగా గట్టు మీదికి వచ్చేది ఇందుకే. ఇక ఇంపెల్లరుకీ దాని చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సందు ఎంత సన్నగా ఉంటే పంపు అంత గట్టిగా పనిచేస్తుంది.

మేస్త్రి గారు పంపుని స్టూలు మీద పెట్టి, బీడీ పక్కన పెట్టి, ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి చూశారు. దేనికీ చెయ్యి వెయ్యలేదు. చితికిన పళ్ళు చూసి, "దీన్ని ఎవరో పైపు తొడిగి తిప్పారండి. కానీ బిగించే వైపుకి తిప్పారు" అన్నారు.

ఎలా తెలిసిందని అడిగాను. రెక్క వాలు చూపించారు. రెక్క ఎటు వాలిందో చూస్తే ఇంపెల్లరు ఎటు తిరిగి నీళ్ళని వెనక్కి నెడుతుందో తెలిసిపోతుంది. తిరిగేకొద్దీ బిగుసుకునేలాగే మర కోస్తారు, లేకపోతే నది మధ్యలో ఊడిపోతుంది. ఆ లెక్కన దీనికి లెఫ్ట్ త్రెడ్, అంటే మామూలు మరకి ఎదురు వైపుకి బిగిసేది. "మీ సైకిలు ఎడం పెడలు ఎటు విప్పుతారండి? ఇదీ అంతే" అన్నారు. మాన్యువల్ చూడలేదు, ఫోనులో వెతకలేదు. ఇంటికొచ్చి నేను వెతికి చూసుకున్నాను. యమహా ఇంపెల్లర్లకి లెఫ్ట్ త్రెడ్డే. ఆరు వారాల్లో నగరంలో తేలనిది అర నిమిషంలో తేలింది.

విప్పడానికి ఇంపెల్లరు మూతిలో సరిపోయే పళ్ళ కడ్డీ కావాలి. పాత ఇరుసు ముక్క ఒకటి తీసి షేపర్ మీద పళ్ళు కోశారు. అందుకు ఒక పూట పట్టింది. పంపులో డీజిల్ పోసి రాత్రంతా నానబెట్టారు. మర్నాడు నేను వెళ్ళేసరికి షాఫ్టు వైసులో బిగించి ఉంది. కడ్డీకి పానా తగిలించి, సుత్తితో ఒక్క దెబ్బ. "టక్" మన్నది. అంతే, మిగతాది చేత్తో తిప్పేశారు. ఆ చప్పుడు విన్నాక నాకు 1,60,000 గుర్తొచ్చి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

విప్పకముందే ఫీలర్ గేజ్ పెట్టి సందు కొలిచారు. కింది పక్క 1.1 మిల్లీమీటర్లు, పై పక్క 0.8. "అర మిల్లీమీటరు దాటకూడదండి. దాటితే తాగిన నీళ్ళు మళ్ళీ ముందుకే కారిపోతాయి. మీ చెరువు పంపు ఎత్తనప్పుడు ఏమవుద్దో ఇక్కడా అదే" అన్నారు. రెక్కల అంచులు వరి కోసే కొడవలి పళ్ళలా ఉన్నాయి. రెక్కలు నీళ్ళు పీల్చే వైపు మశూచి మచ్చల్లా సన్న గుంటలు. అవెందుకు పడ్డాయంటే, "అక్కడ నీళ్ళు చల్లగానే మరుగుతాయండి" అన్నారు. నిజమే. రెక్క పీల్చే వైపు ఒత్తిడి బాగా పడిపోతే నీళ్ళు వేడెక్కకుండానే ఆవిరి బుడగలవుతాయి. ఆ బుడగలు లోహం మీదే పగులుతూ చిన్న ఉలితో కొట్టినట్టు గిల్లుతుంటాయి. కేవిటేషన్ అంటారు. ఆయన ఆ మాట వాడలేదు.

అరుగుదలకి కారణం మా రేవులోనే ఉంది. పాటు సమయంలో, అంటే నీళ్ళు సముద్రంలోకి తీసేసినప్పుడు, మా గట్టు కింద ఇసుక మేట బయటపడుతుంది. మోకాలి లోతు నీళ్ళలో బండి స్టార్ట్ చేస్తే జల్లెడ నీళ్ళతో పాటు ఇసుకనీ పీలుస్తుంది. రింగుకీ రెక్కకీ మధ్య ఆ ఇసుక ఉప్పు కాగితంలా పనిచేస్తుంది. కంపెనీ వాళ్ళు 60 సెంటీమీటర్ల లోతయినా ఉండాలంటారు, మేస్త్రి గారు మొలలోతు అన్నారు. మా మేనల్లుడికి ఈ రెండూ చెప్పాను. గట్టు మీదినుంచే స్టైలుగా స్టార్ట్ చేసి ఎగిరి కూర్చునేది వాడే.

ఇక అసలు పని. కొత్త ఇంపెల్లరు తెప్పించుకోవచ్చు, కానీ సంక్రాంతికి చేరదు. ఉన్నదాన్నే నింపుదామన్నారు. స్టెయిన్‌లెస్ స్టీలు కాబట్టి ఆర్గాన్ వెల్డింగుతో అంచులు పెంచారు. నేను దగ్గర కూర్చుని చూసింది ఈ భాగమే. ఒక రెక్క మీద వేలి గోరంత వెల్డింగు, ఆపడం. రెండో రెక్క మీద గోరంత, ఆపడం. మూడోది. మళ్ళీ మొదటిది. ఒకేచోట వేడి పెడితే రెక్క మెలి తిరిగిపోతుందట. మధ్యలో వేలితో తాకి చూస్తున్నారు, వేలు నిలిస్తేనే తర్వాతి చుక్క. మధ్యాహ్నమంతా ఇదే సరిపోయింది. బయట ఏరేటరు కోసం వచ్చిన చెరువు రైతులు ఇద్దరు నావైపు చూసిన చూపు నేను మరిచిపోను.

తర్వాత లేతు ఎక్కించి చుట్టుకొలత తగ్గించారు. అంతకుముందే రింగు లోపల గాడి పడిన చోట పలచగా ఒక కోత తీసి గుండ్రం చేసి ఉంచారు. ఇంపెల్లరుని దానికి సరిపోయేలా కోశారు. మూడు రెక్కల వాలూ ఒకటేనా కాదా అని చూడడానికి బిస్కెట్ల డబ్బా రేకుని కత్తిరించి అచ్చు చేసుకున్నారు. ఆ రేకు ఒక్కో రెక్క మీద ఆనించి, వెనక టార్చి లైటు పెట్టి, వెలుతురు ఎక్కడ కారుతుందో చూసి అక్కడ మాత్రం రుద్దడం.

ఆఖర్న బ్యాలెన్సు. రెండు ఉక్కు పట్టీల్ని అంచు మీద నిలబెట్టి మట్టం చూసి, ఇంపెల్లరుకి కడ్డీ దూర్చి వాటి మీద పెట్టి వదిలేశారు. బరువున్న రెక్క మెల్లగా కిందికి వచ్చి ఆగింది. దాని వెనక సుద్దతో గీత, గ్రైండరుతో ఒక్క తాకుడు, మళ్ళీ వదలడం. పదిహేనుసార్లు చేసి ఉంటారు. చివరికి ఎలా వదిలితే అలాగే నిలబడింది, ఏ రెక్కా కిందికి రాలేదు. ఫ్యాను గాలికి కదులుతుందని ఆ కాసేపూ ఫ్యాను కట్టేశారు. జనవరి అయినా ఆ రేకుల కింద చెమటలు పట్టాయి, ఎవరూ మాట్లాడలేదు.

బేరింగులు కూడా పోయాయి. లోపలి గ్రీజు పాలెక్కువైన టీ రంగులో ఉంది, అంటే సీలు దాటి నీళ్ళు వెళ్ళాయి. బేరింగులు, సీళ్ళు నెంబరు చూసి ఊళ్ళోనే కొన్నారు, నీళ్ళకి తట్టుకునే గ్రీజు నేను తెచ్చిచ్చాను. చివరికి సందు చుట్టూతా 0.3 వచ్చింది.

బిగించడానికి ఆయనే మా రేవుకి వచ్చారు. పంపు బండికి అతికే చోట చుట్టూ సీలెంటు పట్టించారు. అక్కడ గాలి పీల్చినా ఇంపెల్లరు అరిగినట్టే జారుతుందట. ట్రయలుకి రమ్మంటే లుంగీ ఎగ్గట్టి, లైఫ్ జాకెట్ తొడుక్కుని వెనక కూర్చున్నారు. పోటు మీద ఉంది వశిష్ఠ, గాలి లేదు. నేను అంతర్వేది వైపు లీవరు పూర్తిగా నొక్కాను. 68 చూపించింది. వెనక్కి తిరిగి చూస్తే మేస్త్రి గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. భయపడ్డారేమో అనుకుని తగ్గించాను. "తగ్గించకండి, వినపడతల్లేదు" అని కేకేశారు. అరచెయ్యి సీటు పక్కన ఆనించి అదురు వింటున్నారన్న మాట. ఒడ్డుకొచ్చాక, "ఏదో టకటకమంటందండి, పంపులో కాదు, మీ సీటు లాకు వదులైంది" అని చెప్పి దాన్నీ బిగించారు. నదిని ఆయన చూసినట్టే లేదు.

డబ్బుల సంగతి. వెల్డింగు 3,500, లేతు పని 4,000, బేరింగులూ సీళ్ళూ 1,850, విప్పి బిగించిన కూలి 4,500. మొత్తం 13,850. సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసిచ్చారు. బిల్లు కావాలంటే అదే బిల్లు.

ఇప్పుడు నా ఫిర్యాదులు. మొదటిది టైము. గురువారం ఇచ్చేత్తానండి అన్నారు. ఆ గురువారం వెళ్తే పంపు ఏరేటర్ల కింద ఎక్కడో ఉంది. పట్టింది 11 రోజులు, చేతికొచ్చింది భోగికి ముందురోజు. ఫోను ఎత్తరు. ఎత్తినా లేతు చప్పుడే వినిపిస్తుంది. చెరువులో రొయ్య తేలుతుందని ఎవరైనా పరిగెత్తుకొస్తే మీ పని ఆగిపోతుంది. ఆక్సిజన్ పడిపోయిన చెరువులో తెల్లారేసరికి లక్షలు పోతాయి, నా జెట్ స్కీ ఆగితే నలుగురు అతిథులు మొహం ముడుచుకుంటారు. ఆయన లెక్క సరైనదే, నాకు మాత్రం టెన్షన్ తప్పలేదు.

రెండోది బోల్టు. పంపు బిగించే నాలుగు బోల్టుల్లో ఒకటి విప్పేటప్పుడు విరిగింది. ఉప్పునీళ్ళలో అల్యూమినియంలో స్టీలు బోల్టు పట్టేస్తుంది, అందులో ఆయన తప్పేమీ లేదు. దాని బదులు వేసింది మాత్రం పైకి మెరిసే మామూలు ఇనుప బోల్టు. మూడు వారాలకే బెల్లం రంగు తిరిగింది. పట్టుకెళ్ళి చూపిస్తే కాసేపు దానివైపే చూసి, "కుర్రాడు డబ్బా మార్చేశాడండి" అన్నారు. వేసింది ఆయనే, నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. స్టెయిన్‌లెస్ బోల్టు ఒకటి వెతికి, గ్రీజు పూసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. మీరు వెళ్తే బోల్టులు మీరే కొని తీసుకెళ్ళండి, అయస్కాంతం పెట్టి చూస్తే ఆ మామూలు రకం అక్కడే దొరికిపోతుంది.

మూడోది ఫిర్యాదు కాదు గాని తెలిసి ఉండాలి. ఇది కొత్త ఇంపెల్లరు కాదు. లీవరు చివరిదాకా నొక్కితే సన్నగా ఈల వేస్తుంది. 75 మళ్ళీ రాలేదు. సంక్రాంతి నాలుగు రోజులూ, తర్వాత భీష్మ ఏకాదశి కల్యాణానికీ రోజంతా తిరిగింది, ఇద్దరు మనుషులతో ముక్కు దించుకుని మర్యాదగా పోయింది. నాకు అది చాలు. పందేలకి తిప్పేవాళ్ళయితే కొత్తది కొనుక్కోండి. రెక్క మొదట్లో చీలిక ఉన్నా కొత్తదే కొనాలి. నేనక్కడ ఉండగానే ఒకాయన అలాంటి బోటు పంకా తెస్తే మేస్త్రి గారు తీసుకోలేదు. "అతుకుతుందండి, అతికాక నడి ఏట్లో విరుగుద్ది" అని తిప్పి పంపేశారు. నేను ఆయన్ని పూర్తిగా నమ్మింది అప్పుడే.

వచ్చేముందు ఒక మాట అడిగారు, తిరిగొచ్చాక మంచినీళ్ళు పెట్టి కడుగుతున్నారా అని. కడుగుతున్నానన్నాను. ముందు నీళ్ళు విప్పి తర్వాత ఇంజను స్టార్ట్ చేస్తున్నానని చెబితే, కంపెనీ పుస్తకంలో ఏముందో చూసుకోమన్నారు. చూస్తే తిరగేసి ఉంది. ముందు ఇంజను, వెంటనే నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు, తర్వాత ఇంజను. లేకపోతే నీళ్ళు ఇంజన్లోకి ఎక్కే ప్రమాదం ఉంది. నాలుగేళ్ళుగా నేను చేస్తున్నది తప్పే.

వెళ్ళేవాళ్ళు పొద్దున్న ఏడింటిలోపు వెళ్ళండి. బండి మొత్తం తీసుకెళ్ళకండి, గట్టు మీద ట్రాలీ తిరగదు. పంపు ఒక్కటే విప్పి సంచిలో వేసుకెళ్ళండి, పంటు మీద అదనపు టికెట్టు కూడా ఉండదు. కూర్చోడానికి కుర్చీ లేదు, తిరగేసిన గ్రీజు డబ్బా ఉంది. పక్క బడ్డీలో టీ బాగుంటుంది.

దిండిలో మా బావగారికీ ఒక పాత జెట్ స్కీ ఉంది. నాది చూశాక ఆయనా పంపు విప్పి నా చేతికిచ్చారు. పోయిన వారం తీసుకెళ్ళి ఇచ్చాను. ఏరేటర్ల వెనక మూడో వరసలో పెట్టారు. గురువారం అన్నారు. ఏ గురువారమో నేను అడగలేదు.